వేట లేని ఊళ్లో వేట స్కోపులు

మన సింగపూర్ తెలుగువాళ్ల వార్షిక సంచికలో ప్రతి ఏడూ వృత్తి అనుభవాలు అని ఒక శీర్షిక వస్తుంది. బ్యాంకుల వాళ్లు రాశారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు చాలామంది రాశారు. ఓడరేవులో పనిచేసిన ఒకాయన రెండుసార్లు రాశారు, రెండుసార్లూ అదే క్రేన్ గురించి. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఒక ఏడాది సిగ్గు విడిచి నేనే అడిగితే, సంపాదకవర్గంలో ఒకాయన, "మీది తుపాకుల వ్యవహారం కదండీ రావుగారూ, పిల్లలు చదివే పుస్తకం ఇది" అన్నారు. జీవితంలో తుపాకీ ముట్టుకోలేదండీ, నాది అద్దాల పని అని చెప్పాను. "చూద్దామండీ" అన్నారు. ఆ చూడడం ఇన్నేళ్లకి పూర్తయింది. ఈసారి బ్యాంకులాయన ఎవరో సమయానికి రాసివ్వలేదట, పేజీలు మిగిలాయట. ఆ సంగతి కూడా నాకు తెలుసు.

సరే, రాస్తున్నాను. తువాస్‌లో, జురాంగ్‌లో అద్దాల పరిశ్రమలోకి కొత్తగా వచ్చే మన పిల్లలు కొందరున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. ఇంకొకరి కోసం కూడా రాస్తున్నాను. ఆయన ఎవరో చివర చెబుతాను.

తుపాకీ లేని ఫ్యాక్టరీ

మాది అనకాపల్లి దగ్గర. పాలిటెక్నిక్ చదివి, విశాఖలో కొన్నాళ్లు కొలత పరికరాలు మరమ్మతు చేసి, ఇక్కడికి వచ్చాను. జురాంగ్‌లో నాలుగంతస్తుల ఫ్యాక్టరీ భవనంలో మూడో అంతస్తు మా కంపెనీది. వేట రైఫిల్ మీద బిగించుకునే చిన్న టెలిస్కోపును స్కోప్ అంటారు. మేం వాటిని కూర్చి, పరీక్షించి, పెట్టెల్లో పెట్టి పంపేవాళ్లం. పెట్టె మీద వేరే దేశాల కంపెనీల పేర్లుండేవి. మా పేరు ఎక్కడా ఉండేది కాదు.

సింగపూర్‌లో వేట లేదు. తుపాకీ ఇంట్లో దొరికితే జైలూ, బెత్తం దెబ్బలూ తప్పవని ఇక్కడ అందరికీ తెలుసు. మా అంతస్తులో నలభై మంది పనిచేసేవాళ్లం, అందులో వేటాడినవాడు ఒక్కడూ లేడు. కాల్చినప్పుడు తుపాకీ ఇచ్చే తన్నుని స్కోప్ తట్టుకుంటుందో లేదో చూడడానికి మా దగ్గర తుపాకీకి బదులు ఒక సుత్తి మిషను ఉండేది. స్కోపును దానికి బిగించి మీట నొక్కితే ఠంగుమనేది. మధ్యాహ్నం భోజనాల వేళ ఆ చప్పుడు ఆగితే చెవులు ఖాళీ అయినట్టుండేది. ఇప్పటికీ జురాంగ్ వెస్ట్‌లో మా ఇంటి కింద ఎవరైనా ఇనుప షట్టరు దించితే నేను తలెత్తి చూస్తాను.

ఆ రోజులు బాగుండేవి. పొద్దున్నే కంపెనీ బస్సు దిగి, కింద కొట్లో కాఫీ తాగి, చేతులు రెండుసార్లు కడుక్కుని, తెల్ల కోటు వేసుకుని లోపలికి వెళితే, లెన్సులు తుడిచే స్పిరిట్ వాసన, ఏసీ చల్లదనం, బల్ల మీద వరసగా నిలబెట్టిన నల్లటి గొట్టాలు. బల్ల ముందు కూర్చుంటే సాయంత్రం వరకు ఇంకో ఆలోచన ఉండేది కాదు. అలాంటి పని దొరికినవాళ్లు అదృష్టవంతులు. అక్కడ నన్ను ఎవరెన్ని మాటలన్నా ఈ సంగతి మాత్రం ఒప్పుకోవాలి.

రెండు అంకెల సంగతి

స్కోప్ పెట్టె మీద మూడు–తొమ్మిది అని ఉంటే, అది ఎదుటి వస్తువును మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల వరకు దగ్గరగా చూపిస్తుందని అర్థం. కంటి వైపు ఒక రింగు ఉంటుంది. దాన్ని తిప్పితే లోపల గొట్టానికి కోసిన రెండు ఏటవాలు గాళ్లలో లెన్సులు ముందుకీ వెనక్కీ జరుగుతాయి. అంతే యంత్రం. ఆ గాళ్లు వెంట్రుకవాసి తేడాగా కోస్తే, రింగు తిప్పినప్పుడల్లా గురి గీతలు పక్కకి జరుగుతాయి. అలా జరగకుండా చూడడమే మొదటి పదేళ్లూ నా ఉద్యోగం.

ఆ పని నాకు నేర్పింది పుస్తకం కాదు, కక్ రోహానా. కక్ అంటే మలయ్‌లో అక్క; మాట చివర "లా" అనడం ఇక్కడివాళ్ల అలవాటు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, కూర్పు వరస మొత్తానికి పెద్ద దిక్కు. నేను కొలత పరికరం తెచ్చి, కాగితం మీద లెక్క వేసి, గాడి గరుకుగా ఉందని తేల్చేలోపు ఆవిడ స్కోపును చెవి దగ్గర పెట్టుకుని రింగు ఒకసారి తిప్పి పక్కన పెట్టేసేది.

"ఇది పాడు" అనేది.

"ఎలా చెప్పావు కక్?"

"నువ్వు చూస్తావు. నేను వింటాను లా. ఐదుకీ ఆరుకీ మధ్య ఇసుక తొక్కినట్టుంది."

విప్పి చూస్తే సరిగ్గా ఐదుకీ ఆరుకీ మధ్యే గీత ఉండేది. రెండేళ్లు ప్రయత్నించాను, నా చెవికి ఏమీ వినిపించలేదు. మూడో ఏడు ఒక రోజు వినిపించింది. పరిగెత్తుకెళ్లి చెప్పాను. "మంచిది, ఇక మాట్లాడకుండా పని చెయ్" అంది. అంతకంటే పెద్ద మెప్పు ఆ కంపెనీలో నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఐస్ పెట్టెలో స్కోపు

కెనడా నుంచి ఒక పెట్టె తిరిగొచ్చింది. రింగు తిరగడం లేదని ఫిర్యాదు. మేం తిప్పితే వెన్నలా తిరిగింది. మా మేనేజరు లిమ్ ఆ కాగితం మీద "లోపం లేదు" అని రాసి పంపేయమన్నాడు. నెల తిరక్కుండా అలాంటివే మరో మూడు వచ్చాయి. నాకు ఒక్కటే అనుమానం కలిగింది. వాళ్లు తిప్పేది మంచులో. మేం తిప్పేది ఇక్కడ.

ఫ్యాక్టరీలో చలి పుట్టించే పెట్టె లేదు. కింద క్యాంటీన్‌లో ఫిష్‌బాల్ నూడుల్స్ అమ్మే అంకుల్ దగ్గర ఒక ఫ్రీజరు ఉండేది. స్కోపును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఆయన్ని బతిమాలి, పొద్దున పెట్టి మధ్యాహ్నం తీశాను. రింగు రాయిలా బిగిసింది. లోపలి గ్రీజు గడ్డకట్టింది.

"ఏం చేస్తున్నావయ్యా? నా ఫిష్‌బాల్ పక్కన బాంబు పెట్టావా?" అన్నాడు అంకుల్.

"కళ్లద్దం లాంటిది అంకుల్. చలి తగిలిందా లేదా చూస్తున్నా."

"కళ్లద్దానికి చలేంటి? రేపటి నుంచి నీ కళ్లద్దం నువ్వే తిను."

గ్రీజు మార్చారు. ఆ నెల నోటీసు బోర్డు మీద "మిస్టర్ లిమ్ చొరవతో" అని వచ్చింది. ఫిష్‌బాల్ అంకుల్ పేరైనా వేయాల్సింది.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, స్కోప్ ఎంచుకునేవాడు నాలుగు–పన్నెండా, మూడు–తొమ్మిదా అని కొట్టుకుంటాడు. గ్లౌజు వేసుకున్న చేత్తో, చలిలో, జంతువు వైపు నుంచి కళ్లు తిప్పకుండా ఆ రింగు తిప్పగలడా అన్నది ముందు చూడాలి. తిప్పలేకపోతే అతను రెండు అంకెల స్కోపు కొనలేదు, ఒకే అంకెది కొన్నాడు.

నా తప్పు

తర్వాత నన్ను బల్ల దగ్గర్నుంచి లేపి, స్కోపులు కొనేవాళ్లు రాస్తే ఆ బయటి కంపెనీలు మాకు పంపే ఉత్తరాలకు జవాబు రాసే కుర్చీలో వేశారు. ఏ స్కోప్ కొనాలి, ఎన్ని రెట్లది కొనాలి అని ప్రపంచమంతటి నుంచి అడిగేవాళ్లు. ఎన్నడూ వేటాడని నేను జవాబు చెప్పేవాణ్ణి. నాకు తెలిసిన దూరం ఒక్కటే ఉండేది, కాలువ అవతలి హౌసింగ్ బోర్డు బ్లాకు. దాని గోడ మీది నంబరు పన్నెండు రెట్లలో ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చూసి స్కోపును మెచ్చుకునేవాళ్లం. ఆ బ్లాకు ఆవిడెవరో, వెదురు గడలకి బట్టలు ఆరేసుకుంటుంటే ఫ్యాక్టరీ వాళ్లు గొట్టాలు పెట్టి చూస్తున్నారని ఫిర్యాదు చేస్తే, మా కిటికీకి తెర వేశారు. కానీ మా అలవాటుకి తెర పడలేదు. మంచి స్కోపు అంటే దూరంగా ఉన్నదాన్ని పెద్దదిగా చూపేది. మా అందరికీ అదే నమ్మకం.

న్యూజిలాండ్ నుంచి ఒక రైతు రాశాడు. కొండవాలు మీద జింకల కోసం వెళతానని, ఏది కొనమంటారని అడిగాడు. ఎంత దూరం నుంచి కాలుస్తారని అడిగాను. మూడు వందల గజాల వరకు అన్నాడు. అయితే నాలుగు–పన్నెండు తీసుకోండని రాశాను. అతను మా మాట నమ్మి అదే కొన్నాడు.

ఏడాది తర్వాత రెండో ఉత్తరం వచ్చింది. చేత్తో రాసిన నాలుగు పేజీలు. కొండ దిగి ఇంటికి వస్తుంటే దారిలో లోయలోని పొదల్లోంచి అడవిపంది వచ్చిందట. పది గజాలు కూడా లేదు. రైఫిల్ ఎత్తి చూస్తే స్కోపు నిండా అలుక్కుపోయినట్టు వెంట్రుకలు కనిపించాయి. ఏ భాగమో తెలియలేదు. పన్నెండు రెట్ల దగ్గర, పది గజాల దూరంలో, స్కోపులో ఒక అడుగు వెడల్పు మాత్రమే కనిపిస్తుంది. ఆ కాస్తా మసగ్గా ఉంటుంది. అతను రింగు తిప్పబోయే లోపల కుక్క మధ్యలో దూకింది. పంది కోర తగిలి అతని తొడకి కుట్లు పడ్డాయి. కుక్క బతకలేదు.

"మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. నేనే రింగు చూసుకోవాల్సింది. కానీ పెట్టెలోంచి తీసినప్పుడు అది పన్నెండు మీదే ఉంది, అలాగే బిగించుకున్నాను. మీరు ఎప్పుడైనా ఒక జంతువును దగ్గరగా చూశారా?" అని రాశాడు. ఉత్తరంతో పాటు కుక్క ఫొటో పెట్టాడు. గోధుమ రంగుది, ఒక చెవి వాలి ఉంది.

చూడలేదని రాశాను. క్షమించమని రాశాను. అతను మళ్లీ రాయలేదు. అతని విషయంలో జవాబు రాలేదని నాకు కోపం లేదు.

ఆ రోజు నుంచి నేను అడిగే ప్రశ్న మార్చేశాను. మీకు బాగా దగ్గరగా వచ్చిన జంతువు ఎంత దూరంలో ఉండింది అని అడిగేవాణ్ణి. వేటగాళ్లు దూరపు కథలు అడక్కుండానే చెబుతారు, దగ్గరి కథలు అడిగితేనే చెబుతారు. ఇరవై అడుగులు, ముప్ఫై అడుగులు అని రాసేవాళ్లు. ఈ మాట మమ్మల్ని ఎవరూ అడగలేదండీ అని చాలామంది రాశారు.

ఇప్పుడు నా సలహా ఇది, పనికొస్తే తీసుకోండి. స్కోపును వెనక ఉండే పెద్ద అంకె చూసి కొంటారు. ఎంచుకోవాల్సింది ముందు అంకె చూసి. దట్టమైన అడవిలో తిరిగేవాడికి ఒకటి–నాలుగు చాలు. అడవీ, మైదానమూ రెండూ ఉన్నచోట రెండు–ఏడు అనే పాతకాలపు స్కోపు ఎంతో మంచిది, ఎవరూ కొనడం లేదని చాలా కంపెనీలు మానేశాయి. మూడు–తొమ్మిది ఎక్కువమందికి సరిపోతుంది. నాలుగు నుంచి మొదలయ్యేవి పూర్తిగా బయలు ప్రదేశంలో కూర్చుని కాల్చేవాడికే. మూడు–పద్దెనిమిది లాంటి పెద్ద సాగుడు స్కోపుల్లో లెన్సులు ఎక్కువ, బరువెక్కువ, చెడిపోయే చోట్లూ ఎక్కువ. అన్నీ ఒక్కదాంట్లో కావాలనుకునేవాడు ఆ బరువు కొండ మీదికి మోయాలి.

ఇంకొకటి, దీన్ని మీరే చూడొచ్చు. స్కోపును చెయ్యి చాపి వెలుతురు వైపు పట్టుకోండి. కంటి వైపు అద్దంలో చిన్న వెలుగు బిళ్ల కనిపిస్తుంది. రింగు పెద్ద అంకెకి తిప్పితే బిళ్ల చిన్నదైపోతుంది. ముందు అద్దం నలభై మిల్లీమీటర్లు ఉంటే, నాలుగు రెట్ల దగ్గర ఆ బిళ్ల పది మిల్లీమీటర్లు, పన్నెండు దగ్గర మూడు చిల్లర. మసక వెలుతుర్లో కంటికి అందేది ఆ బిళ్లే. అది చిన్నదైతే బొమ్మ చీకటిగా ఉంటుంది, తల కాస్త కదిలినా మొత్తం నల్లబడిపోతుంది. జంతువులు బయటికి వచ్చేది మసక వెలుతుర్లోనే.

తాకకూడని రింగు

పెట్టెలోంచి తీసినప్పుడే పన్నెండు మీద ఎందుకుంది? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ప్యాకింగ్ బల్ల దగ్గరికి వెళ్లి ఒక పూటంతా నిలబడ్డాను. జవాబు దొరికింది. ఆఖరి తనిఖీ పెద్ద అంకె దగ్గర చేసేవాళ్లం, ఎందుకంటే లోపాలు అక్కడే బయటపడతాయి. తనిఖీ అయ్యాక ఎలా ఉన్నదాన్ని అలా పెట్టెలో పెట్టేసేవాళ్లం. మా ఫ్యాక్టరీ నుంచి ప్రతి స్కోపూ అత్యంత ప్రమాదకరమైన అంకె మీద నిలబడి ప్రపంచంలోకి వెళ్లేది. వేట తెలిసిన ఊళ్లో ఎవరో ఒకరు దీన్ని మొదటి రోజే పట్టుకునేవాళ్లు. మాకు అన్నేళ్లు పట్టింది.

రోహానాకి కుక్క ఫొటో చూపించి, జరిగింది చెప్పాను. ఆవిడ ఫొటో తిరిగిచ్చి, "అయితే తిప్పేద్దాం" అంది. ఆ రోజు నుంచి పెట్టెలో పెట్టే ముందు ప్రతి రింగునీ చిన్న అంకెకి తిప్పడం మొదలుపెట్టాం.

మూడో వారం లిమ్ చూశాడు.

"మిస్టర్ రావు, ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఎవరి చెయ్యీ తగలకూడదు. ఇది మీకు నేను చెప్పాలా?"

"తగలక్కర్లేదు సార్. ముందు పన్నెండు దగ్గర చూద్దాం, ఆఖర్న నాలుగు దగ్గర చూద్దాం. అదే పని, అదే టైము. వరస మారుతుంది, అంతే."

"లోపం దొరికేది పన్నెండు దగ్గర. అక్కడే ఆపాలి."

"కొన్నవాడు మొదట పట్టుకునేదీ అక్కడే సార్."

"రింగు తిప్పుకోవడం కొన్నవాడికి తెలుసు లా. నేను సైన్యంలో కాల్చాను. నాకు తెలుసు."

"మీరు కాల్చింది కాగితాన్ని సార్. కాగితం మీదికి రాదు."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. అది నా పొరపాటు. నలుగురి ముందు అనకూడదు. గదిలోకి వెళ్లి ఆ మాటే మెల్లగా చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. పై అధికారిని ఓడించి పని చేయించుకోవడం ఎక్కడా కుదరదని కొత్తవాళ్లకి చెబుతున్నాను. నేను మాత్రం నేర్చుకోలేదు.

వారం తర్వాత నాకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది. తనిఖీ అయిన వస్తువును అనుమతి లేకుండా తాకినందుకు, మళ్లీ జరిగితే ఉద్యోగం పోతుందని. రోహానా లిమ్ గదిలోకి వెళ్లి, "నేను కూడా తిప్పాను. నా పేరు కూడా రాయండి" అంది. ఆయన రాయలేదు. ఆవిడ ఒక రోజు రాకపోతే వరస ఆగిపోతుందని ఆయనకి తెలుసు.

నేను ఆపేశాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. పాప చదువుకుంటోంది, ఇల్లు అప్పుడే తీసుకున్నాం. ఆపేశాను.

రోహానా ఆపలేదు. పెట్టెలో పెట్టే ముందు వేలిముద్రలు గుడ్డతో తుడవాలని నియమాల్లోనే ఉంది. ఆవిడ తుడిచేది. తుడుస్తుంటే రింగు తిరిగేది. ఎవరైనా చూస్తే గుడ్డ ఎత్తి చూపించేది. రిటైరయ్యే రోజు వరకు ఆవిడ బల్ల మీంచి వెళ్లిన ప్రతి పెట్టే చిన్న అంకె మీదే వెళ్లింది. ఆవిడ వెళ్లిపోయాక ఆ గుడ్డ పని మిషనుకి ఇచ్చారు. మిషను రింగు తిప్పదు.

తనిఖీ వరస మార్చమని అప్పటి నుంచి కంపెనీకి రాస్తూనే ఉన్నాను. "పరిశీలిస్తాం" అని ఒకసారి వచ్చింది. తర్వాత అదీ రాలేదు.

శ్రీధర్‌కి ఇచ్చిన నోటుబుక్కు

లిమ్ వెళ్లాక, ఫ్యాక్టరీ తువాస్‌కి మారాక, శ్రీధర్ వచ్చాడు. కరీంనగర్ అబ్బాయి, మంచి ఇంజినీరు, అద్దాల లెక్కలు నాకంటే బాగా వేస్తాడు. మనవాడు వచ్చాడని సంతోషించాను. హౌగాంగ్ నుంచి అంత దూరం వస్తున్నాడని, నేనే రోజూ ముందు వెళ్లి క్యాంటీన్‌లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడి భాషలో చోప్ చేసి, అతని కోసం సీటు పట్టేవాణ్ణి.

స్కోప్ ఎంచుకునే పద్ధతి మీద కంపెనీ ఒక చిన్న పుస్తకం వేస్తుందని, నా అనుభవం కావాలని అడిగాడు. ఇరవై ఏళ్ల ఉత్తరాల సారం ఒక నోటుబుక్కులో రాసి ఇచ్చాను. మొదటి అధ్యాయం ముందు అంకె గురించి. రెండోది, పెట్టెలో రింగు ఎక్కడ ఉండాలన్నది. పుస్తకం అచ్చయి వచ్చింది. నా వాక్యాలు చాలా ఉన్నాయి. ఆ రెండు అధ్యాయాలూ లేవు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో, ఎన్ని ఎక్కువ రెట్లు ఉంటే అంత నమ్మకం అని ఉంది. రచన దగ్గర "మా బృందం" అని ఉంది.

భోజనాల దగ్గర అడిగాను.

"అంకుల్, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టే. కానీ కస్టమర్ ఫస్ట్ పెద్ద నంబరే చూస్తడు. చిన్న నంబర్ చూడుమంటే పక్క కంపెనీది కొంటడు."

"కొననీ. ఉన్నదాన్నన్నా చిన్న అంకె మీద పెట్టి పంపొచ్చు కదా బాబూ. దానికేం అడ్డం?"

"ప్రొసీజర్ మార్చాలంటే కొనే బ్రాండ్ల సంతకాలు కావాలె అంకుల్. అందరికీ మెయిల్ పెట్టాలె."

"పెట్టు."

"పెడ్త అంకుల్."

"ఎప్పుడు?"

"అంకుల్, అన్నం తినుండ్రి ముందు, చల్లగైతది" అని నా పళ్లెంలోకి తన అప్పడం వేశాడు. మంచివాడు. అందుకే ఇంకా కోపం.

రిటైరయ్యాను. వీడ్కోలు భోజనంలో నన్ను వంటింటి తలుపు పక్కన కూర్చోబెట్టారు. ప్రసంగంలో గ్రీజు సంగతి చెప్పారు, మళ్లీ లిమ్ పేరు మీదే. రోహానాని పిలవలేదు. ఆవిడ ఇంటికి స్వీట్లు నేనే పట్టుకెళ్లాను. ఇప్పుడు ఆవిడకి ఒక చెవి సరిగా వినపడదు. వెళ్లినప్పుడల్లా నా చేతి గడియారం అడిగి తీసుకుని, రెండో చెవి దగ్గర పెట్టుకుని, "దీన్ని శుభ్రం చేయించు" అంటుంది.

మొన్న మా అమ్మాయి తన ఫోన్లో ఒక వీడియో పెట్టింది. ఎవరో వేటగాడు కొత్త స్కోప్ పెట్టె విప్పి చూపిస్తున్నాడు. గొట్టం చూడగానే మాదని గుర్తుపట్టాను. మూడు–పద్దెనిమిది. వీడియో ఆపమన్నాను. రింగు మీద చుక్క పద్దెనిమిది దగ్గర ఉంది. అతను దాన్ని అలాగే తీసి రైఫిల్ మీద బిగించాడు, రేపు పొద్దున పందుల కోసం వెళతానని నవ్వుతూ చెప్పాడు. పక్కన అతని కుక్క తోక ఆడిస్తోంది.

"మళ్లీ లెటరా నాన్నా?" అంది అమ్మాయి. "దే వోంట్ రిప్లై లా."

"రిప్లై ఇచ్చేదాకా రాస్తాను."

"ఆ వీడియో కింద కామెంట్ పెట్టు, అదన్నా చదువుతాడు" అని తనే నా బదులు టైపు చేసింది. దయచేసి రింగును మూడుకి తిప్పి అడవిలోకి వెళ్లండి అని. ఆ మనిషి బొటనవేలు పైకెత్తిన మెచ్చుకోలు గుర్తు ఒకటి పెట్టాడు. నలభై మంది పనిచేసిన అంతస్తు చేయనిది ఒక్కొక్కరి వీడియో కిందా కామెంటు పెట్టుకుంటూ ఎన్నాళ్లు చేయగలం?

శ్రీధర్, ఈ సంచిక హౌగాంగ్‌లో మీ ఇంటికి కూడా వస్తుందని నాకు తెలుసు, చందాదారుల జాబితాలో నీ పేరు చూశాను. ఇప్పుడు నువ్వే అక్కడ మేనేజరువి. ఆ పుస్తకంలో నా పేరు వేయమని ఇక అడగను. హెచ్చరిక ఉత్తరం రద్దు చేయమని అన్నేళ్లు అడిగాను, అదీ ఇక అడగను. ఉంచుకోండి. గ్రీజు లిమ్‌దే అనుకోండి. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను, దీనికి ఏ బ్రాండు సంతకమూ అక్కర్లేదు. మీ ఆఖరి తనిఖీ ఈ రోజు ఏ అంకె దగ్గర ఆగుతోంది, పద్దెనిమిది దగ్గరా, మూడు దగ్గరా? పరిశీలిస్తాం అని రాయకు. నమస్కారాలు కూడా రాయక్కర్లేదు. ఒక కాగితం మీద ఆ ఒక్క అంకె వేసి, కింద సంతకం పెట్టి పంపు.